కపోన్ కేసులో నాలుగు నిమిషాల తేడా

1987లో వచ్చిన ‘ది అన్‌టచబుల్స్’ని తలుపేసుకుని ఒక్కడే చూసేవాడికి అది గ్యాంగ్‌స్టర్ సినిమా. ఆదివారం భోజనాలయ్యాక హాల్లో చుట్టాలందరినీ కూర్చోబెట్టి పెట్టినవాడికి మాత్రం అది వాయిదాల మీద వాయిదాలు పడే కోర్టు కేసు. మద్యనిషేధం నాటి షికాగో, దొంగసారా ముఠానాయకుడు అల్ కపోన్‌గా రాబర్ట్ డి నీరో, అతగాణ్ణి పట్టుకోడానికి బయల్దేరిన ప్రభుత్వాధికారి ఎలియట్ నెస్‌గా కెవిన్ కాస్ట్‌నర్. ఇంతవరకు పేచీ లేదు. పేచీ సబ్‌టైటిల్స్ దగ్గర మొదలవుతుంది.

అవి లేకుండా కుదరదు. షాన్ కానరీ ఇందులో ఐరిష్ వంశపు ముసలి కానిస్టేబులు మలోన్. యాస మాత్రం మొదట్నుంచీ చివరిదాకా అచ్చంగా స్కాట్లండుదే. ఆ వేషానికే ఉత్తమ సహాయనటుడిగా ఆస్కార్ ఇచ్చారు. ‘ఎంపైర్’ పత్రిక పాఠకులు అదే వేషానికి సినిమాల్లోకెల్లా అధ్వాన్నమైన యాస అని మొదటి స్థానమూ ఇచ్చారు. రెండూ న్యాయమే. ఐరిష్‌వాళ్ళకే అంతుపట్టని ఆ మాటలు పెసరట్టు ఉప్మా తిని నడుం వాల్చిన మావయ్యకి అర్థమవుతాయనుకోవడం అత్యాశ.

కాబట్టి ఇంట్లో ఇంజనీరింగ్ కుర్రాడొకడు ఎక్కణ్ణుంచో సబ్‌టైటిల్ ఫైలు దింపి పెడతాడు. పేర్లు పడుతున్నంతసేపూ ఏమీ తెలీదు. కపోన్ గడ్డం గీయించుకుంటూ విలేకరులతో కబుర్లు చెప్పే మొదటి సీన్లో అక్షరాలు ఏడెనిమిది సెకన్లు ముందుంటాయి. “పర్లేదు, సర్దుకుంటుంది” అంటాడు కుర్రాడు. ఈ జబ్బు సర్దుకునే రకం కాదు, ముదిరే రకం.

కారణం చిన్నది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, కచ్చితంగా చెప్పాలంటే మన దగ్గరుండే ఫైళ్ళలో 23.976. యూరప్ టీవీలకీ డీవీడీలకీ దాన్ని సెకనుకు 25 ఫ్రేములకు పరిగెత్తించేవాళ్ళు. దాంతో 119 నిమిషాల సినిమా 114కి కుదించుకుపోతుంది. ఆ 114కి రాసిన సబ్‌టైటిళ్ళను ఈ 119కి తగిలిస్తే మాట బొమ్మని దాటి పోతూనే ఉంటుంది. అరగంటకి నిమిషంపావు, గంటకి దాదాపు రెండున్నర నిమిషాలు, చివరికొచ్చేసరికి ఐదుకు కాస్త తక్కువ.

కుర్రాడికి తెలిసిన వైద్యం సినిమా ఆడించే వీఎల్‌సీ ప్లేయర్లో హెచ్ మీట ఒక్కటే. దాన్ని ఒకసారి నొక్కితే అక్షరాలు 50 మిల్లీసెకన్లు వెనక్కి జరుగుతాయి. గంట దగ్గర ఆగి తేడా పూడ్చాలంటే సుమారు 2,950 నొక్కులు. అంతా నొక్కి పూడ్చినా పది నిమిషాల్లో మళ్ళీ పాతికసెకన్ల తేడా పుడుతుంది. తేడా మొదట్లోనూ చివర్లోనూ ఒకేలా ఉంటే జరపాలి, పోనుపోను పెరుగుతుంటే ఫ్రేముల లెక్క మార్చాలి. ‘సబ్‌టైటిల్ ఎడిట్’ లాంటి దాంట్లో ఫైలు తెరిచి 25ని 23.976 చేసి సేవ్ చేస్తే ఒక్క నిమిషంలో అయిపోయే పని. కానీ బొమ్మ ఆగిపోయిన హాల్లో ఒక్క నిమిషం ఎవరు నోరు మూసుకుంటారు?

మొదటి వాయిదా ఎక్సైజు శాఖలో రిటైరైన బాబాయిది. నెస్ తొలి రెయిడ్‌లో పెట్టె పగలగొడితే సీసాల బదులు గొడుగులు బయటపడి, పేపర్లో ఫొటోతో సహా పరువు పోతుంది. “రెయిడ్ సంగతి ముందురోజే చెప్పి పేపరువాణ్ణి వెంటేసుకెళ్తే గొడుగులు కాక ఇంకేం దొరుకుతాయి!” అని బాబాయి తీర్పు. పోలీసు స్టేషన్ ఎదురుగా ఉన్న పోస్టాఫీసులోనే సరుకుందని మలోన్ నడిపించుకెళ్ళే సీన్‌కి మాత్రం పూర్తి మార్కులు వేస్తాడు. సరుకెక్కడుందో ఊరందరికీ తెలుసు, ఎదురెళ్ళేవాడే లేడన్న ముక్క ఆ శాఖలో పనిచేసినవాళ్ళకి ఎవరూ విడమర్చక్కర్లేదు. కెనడా సరిహద్దు వంతెన మీద గుర్రాల దాడి రాగానే ఆయనకి 1995 జనవరి 16 గుర్తొస్తుంది. ఆ రోజు నుంచి 1997 దాకా ఉమ్మడి రాష్ట్రంలో నిషేధం. మధ్యలో పుదుచ్చేరి పాలనలో యానాం. “కాకినాడవాళ్ళకి అదేరా కెనడా. మాకు గుర్రాలివ్వలేదంతే” అంటాడు.

అమెరికా నిషేధం సంగతి వేరని ఎవరో అందుకుంటారు. అక్కడ 1920 జనవరి నుంచి 1933 డిసెంబర్ 5 దాకా చేయడం, అమ్మడం, తరలించడం నేరాలు. తాగడం నేరం కాదు. ముందే కొని ఇంట్లో దాచుకున్నది ఇంట్లో కూర్చుని తాగొచ్చు. డాక్టరు చీటీ రాస్తే పదిరోజులకో పైంటు మందుషాపులోనే దొరికేది. ఈ పైంటు అనగానే అంతసేపూ కునుకుతున్న మావయ్య లేచి కూర్చుంటాడు.

మావయ్య ఆడిటర్. ఆయన దృష్టిలో ఈ కథకి హీరో లెక్కల మనిషి, మిగతావాళ్ళంతా ఎస్కార్టు. సినిమాలో ఆ వాలెస్ పాత్ర తుపాకీ పట్టి వంతెన మీద పరిగెడుతుంది, కాల్పుల మధ్య చిల్లుపడిన పీపా కింద నోరు కూడా పెడుతుంది. సినిమా సగం దాటాక లిఫ్టులో చంపేస్తారు. ఆడిటర్ని చంపాక సినిమాలో చూడ్డానికేముంది అని ఆయన బాధ. బాధలో పస ఉంది. అసలు కపోన్ ఖాతాల కూపీ లాగింది ఆదాయప్పన్ను శాఖ మనిషి ఫ్రాంక్ విల్సన్. దొంగసొమ్ము మీద కూడా పన్ను కట్టాల్సిందేనని 1927లో సల్లివాన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చబట్టే ఆ కేసు నిలబడింది. నెస్ బృందం కష్టపడి పోగేసిన సారా నేరాలు ఐదువేలు, వాటి మీద అభియోగమూ పెట్టారు, విచారణకు మాత్రం రాలేదు. 1931 అక్టోబర్‌లో పడిన పదకొండేళ్ళ శిక్ష, 50,000 డాలర్ల జరిమానా, రెండూ పన్ను ఎగ్గొట్టినందుకే. ఇవన్నీ చెప్పి, “రిటర్న్ వేసి ఉంటే ఈ బాధే లేదు” అని మావయ్య మళ్ళీ పడుకుంటాడు.

ఈలోగా కపోన్ విందు సీన్. బల్ల చుట్టూ తిరుగుతూ బేస్‌బాల్ గురించి ఉపన్యాసం ఇచ్చి, బ్యాటుతో ఒకడి తల పగలగొడతాడు. పిల్లల్ని మంచినీళ్ళు తెమ్మని లోపలికి పంపాల్సిన క్షణం ఎప్పుడో సబ్‌టైటిల్స్‌ని నమ్ముకున్నవాళ్ళకి తెలీదు. అవి ఆ ఉపన్యాసం ఎప్పుడో ముగించి పక్క సీన్లో ఉంటాయి. పిల్లలు మొత్తం చూస్తారు. “అన్నం ముందు కూర్చున్నవాణ్ణి కొట్టడమేవిట్రా, ఎంగిలి చెయ్యైనా కడుక్కోనివ్వకుండా” అంటుంది నానమ్మ. నిజానికి డి నీరో నటన మీద ఇంతకంటే నికార్సైన విమర్శ దొరకదు. ఆయన చేసిన కపోన్ భయపెట్టేది తుపాకీతో కాదు, తిండి దగ్గర మర్యాద తప్పడంతో.

అసలు నష్టం గంటన్నర దాటాక. మలోన్ ఇంటికి హంతకుడు వస్తాడు. ముసలాయన ఇంకా నిక్షేపంగా గ్రామఫోను పెట్టుకుని తిరుగుతుంటే అడుగున ఆయన చివరి మాటలు పడిపోతాయి. ఆ తర్వాత షికాగో యూనియన్ స్టేషన్ మెట్లు. 1925 నాటి సోవియట్ మూకీ సినిమా ‘బాటిల్‌షిప్ పోటెంకిన్’లోని ఒడెస్సా మెట్లకి నివాళిగా దర్శకుడు బ్రయాన్ డి పాల్మా తీసిన ఘట్టం. పసిబిడ్డ తోపుడుబండి ఒక్కో మెట్టూ దిగుతుంటుంది, చుట్టూ తుపాకులు. కపోన్ లెక్కలు రాసే గుమాస్తాని ప్రాణాలతో పట్టుకోవాలన్నదే ఉత్కంఠంతా. మాటలు దాదాపు లేవు, మోరికోనె సంగీతమూ బండి చక్రాల చప్పుడే. అడుగున మాత్రం అదే గుమాస్తా కోర్టు బోనెక్కి కపోన్‌కి ముట్టిన సొమ్ము లెక్కలు అప్పజెప్పేస్తుంటాడు. బతికాడని తెలిసిపోయాక హాల్లో ఎవరికీ ఊపిరి బిగపట్టాల్సిన పనే ఉండదు. అంకెలు కనబడ్డందుకు మావయ్య ఒక్కడూ సంతోషిస్తాడు. నానమ్మ గుమాస్తాని చూడదు. “ఆ వేళప్పుడు రెండు పెట్టెలూ బిడ్డా వేసుకుని ఒక్కత్తే వచ్చింది, దాని మొగుడేడి?” సినిమా ఈ ప్రశ్నకి జవాబివ్వదు.

కోర్టులో బావగారి వంతు. ఊళ్ళో సివిల్ కేసులు చూస్తారు గానీ షికాగో దాకా అధికారపరిధి ఉన్నట్టే మాట్లాడతారు. విచారణ మధ్యలో పక్కగది జ్యూరీని తెచ్చి మార్చేయడం చూసి నవ్వుతారు. జడ్జి విల్కర్సన్ జ్యూరీ జాబితా మార్చిన మాట నిజమే, కానీ విచారణ మొదలయ్యే పొద్దున. కపోన్ వద్దంటున్నా అతని లాయరే లేచి నేరం ఒప్పేసుకునే ముక్క దగ్గర బావగారికి నవ్వు కూడా రాదు. “క్లయింటు కాదంటుంటే లాయరు ఒప్పుకోవడమేంటండీ! ఫీజు ఎవరిస్తారు?” అసలు కథ తిరగేసి ఉంది. తక్కువ శిక్షకి బేరం కుదిరిందనుకుని కపోనే ముందు నేరం ఒప్పుకున్నాడు. బేరసారాలు నా దగ్గర చెల్లవని జడ్జి అనేసరికి వెనక్కి తీసుకుని జ్యూరీ ముందుకెళ్ళాడు.

బావగారి వాదన సాగుతుండగానే ఆఖరి సబ్‌టైటిల్ పడిపోతుంది. నిషేధం ఎత్తేస్తారట, ఏం చేస్తారు అని విలేకరి అడిగితే ఓ గుక్క వేసుకుంటానని నెస్ వీధిలో చెప్పే జవాబది. వీధికి ఇంకా దాదాపు ఐదు నిమిషాలుంది. తెర మీద ఉన్నది కోర్టు. ఆఖర్న నెస్ వీధిలోకొచ్చి ఆ మాట చెప్పే వేళకి అడుగున ఒక్క అక్షరం ఉండదు, హాల్లో ఎవరూ వినరు. జడ్జిగారే తీర్పు చెప్పేసి మందు అడిగాడని బాబాయి నమ్మకం.

“మంచి జడ్జి” అంటాడు మావయ్య, కళ్ళు తెరవకుండానే.