ఆ 20 శాతం ఎవరు చెప్పారు?

సర్వర్ల డేటా దాచే కొత్త స్టోరేజ్ బాక్స్ దిగిన రోజు కంపెనీ ఇంజినీరు వస్తాడు, లన్‌లు (సర్వర్లకు డిస్కుల్లా కనిపించే భాగాలు) కడతాడు, స్నాప్‌షాట్ రిజర్వ్ అన్న గడిలో 20 అని కొడతాడు, కాగితం మీద సంతకం పెట్టించుకుని చెన్నై బస్సెక్కుతాడు. స్నాప్‌షాట్ అంటే ఒక క్షణంలో డేటా ఎలా ఉందో ఆ రూపాన్ని పట్టి ఉంచేది, తర్వాత ఏదైనా పాడైతే అక్కడికి వెనక్కి వెళ్లొచ్చు. వాటి కోసం పక్కన పెట్టే చోటే రిజర్వ్. ఆ తర్వాత తిరుపతిలో ఆస్పత్రైనా, చిత్తూరులో ఫ్యాక్టరీ అయినా ఆ గడి జోలికి ఎవరూ పోరు. స్థలం నిండిపోయిందని ఏదో ఒక అర్ధరాత్రి అలర్ట్ వచ్చేదాకా అది అలాగే ఉంటుంది.

ఆ అంకె వెనుక మీ సంస్థ గురించిన లెక్క ఏదీ లేదు. స్టోరేజ్ బాక్సులు అమ్మే నెట్‌యాప్ పాత ఆన్‌టాప్ సాఫ్ట్‌వేర్‌లో డిఫాల్ట్ 20 శాతం ఉండేది, తర్వాతి తరంలో అదే కంపెనీ దాన్ని 5కు దించింది. డెల్ ఈక్వల్‌లాజిక్ బాక్సుల్లో డిఫాల్ట్ ఏకంగా 100 ఉండేది, అంటే వాల్యూమ్ (డేటా ఉండే భాగం) ఎంతో రిజర్వ్ కూడా అంతే. విండోస్ సొంత స్నాప్‌షాట్లయిన షాడో కాపీలకు 10 శాతం. కంపెనీలే 5 నుంచి 100 దాకా తలో మాట చెబుతుంటే, వాటిలో ఒకటి తీసుకుని మనకూ ఇదే సరిపోతుందనుకోవడం ఏ లెక్కన?

స్నాప్‌షాట్ తీసిన క్షణంలో అది దాదాపు ఏ చోటూ తినదు. ఆ తర్వాత ఎవరైనా ఒక బ్లాక్‌ను (డేటాను రాసే చిన్న ముక్కను) మార్చినప్పుడే ఖర్చు మొదలవుతుంది. కొన్ని బాక్సులు పాత బ్లాక్‌ను తీసి రిజర్వ్‌లో దాచి, దాని చోట కొత్తది రాస్తాయి. కొన్ని కొత్తదాన్నే వేరే చోట రాసి, పాతదాన్ని కదపకుండా వదిలేస్తాయి. పద్ధతి ఏదైనా పాత బ్లాక్ బతికే ఉంటుంది. కాబట్టి వాల్యూమ్ ఎంత పెద్దదన్నది ఇక్కడ పెద్దగా పనికొచ్చే ప్రశ్న కాదు. రోజుకు ఎంత మారుతోంది, ఎన్నాళ్లు ఉంచాలి అన్న రెండూ ముందుగా లెక్కలోకి వస్తాయి.

10 టీబీ వాల్యూమ్‌లో రోజుకు 2 శాతం మారుతోందనుకుందాం. రోజుకో స్నాప్‌షాట్ తీసి 14 రోజులు ఉంచితే గరిష్ఠంగా 2.8 టీబీ కావాలి. 20 శాతం రిజర్వ్ అంటే 2 టీబీ. లెక్క అప్పుడే తప్పింది. ఇది కూడా మామూలు రోజుల మాట.

మన ప్రాంతంలో మామూలు రోజులు తక్కువ. చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలనే చూడండి. జనవరిలో వాటి సర్వర్లలో జీతాల పట్టీలు తప్ప పెద్దగా కదలిక ఉండదు. తోతాపురి కోతకొచ్చి లారీలు బారులు తీరే జూన్, జూలైల్లో తూకాలు, రైతుల ఖాతాలు, బ్యాచ్ రికార్డులు రాత్రింబవళ్లు ఎక్కుతూనే ఉంటాయి. ఆ 2 శాతం 8 అయితే అదే 14 రోజులకు 11.2 టీబీ, అంటే అసలు వాల్యూమ్‌కన్నా ఎక్కువ. తిరుపతిలో లాడ్జీల బుకింగులకు బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ద్వార దర్శనాల పది రోజులు, యూనివర్సిటీలకు పరీక్షలు, అడ్మిషన్ల నెలలు ఇలాంటివే. మార్పు రేటును కొలిచేవాళ్లు అసలే తక్కువ. కొలిచేవాళ్లు కూడా బాక్స్ కొత్తగా, ఖాళీగా, తీరిగ్గా ఉన్న నెలలో కొలుస్తారు. కొలవాల్సింది తీరిక లేని నెలలో.

ఎంత తరచుగా తీస్తున్నామన్నదీ తేడా తెస్తుంది. డేటాబేస్‌లో కొన్ని బ్లాకులు రోజంతా మారుతూనే ఉంటాయి. రోజుకో స్నాప్‌షాట్ అయితే అలాంటి బ్లాక్ పాత రూపం ఒక్కటే మిగులుతుంది. గంటకోసారి తీస్తే 24 రూపాలు మిగులుతాయి. మరింత భద్రంగా ఉంటుందని షెడ్యూల్‌ను గంటకు మార్చి, రిజర్వ్‌ను మాత్రం పాత అంకె దగ్గరే వదిలేయడం చాలా మామూలుగా జరిగే పొరపాటు.

ఇంకో చిక్కు సాన్ (సర్వర్లు నెట్‌వర్క్ ద్వారా డిస్కులా వాడుకునే ఇలాంటి స్టోరేజ్) స్వభావంలోనే ఉంది. దానికి ఫైళ్లు తెలియవు, బ్లాకులే తెలుసు. మీరు రాసింది రోగి రిపోర్టా, ఎవరికీ అక్కర్లేని టెంప్ ఫైలా అని అది అడగదు. విండోస్ వారానికోసారి డీఫ్రాగ్ (చెదిరిన ఫైళ్ల ముక్కలను ఒకచోట చేర్చే పని) నడిపితే డేటాలో ఒక్క అక్షరం మారకపోయినా బ్లాకులు అటూఇటూ జరుగుతాయి, ఆ జరిగిన మేరకు స్నాప్‌షాట్ ఉబ్బుతుంది. ఆదివారం రాత్రి డేటాబేస్ ఇండెక్సులు (వెతుకులాటకు వాడే పట్టికలు) మళ్లీ కట్టే పని కూడా అంతే. అన్నింటికన్నా ఎక్కువ చోటు తినేది, నా లెక్కలో, డేటాబేస్ డంప్, అంటే మొత్తం డేటాబేస్‌ను ఫైలుగా తీసే కాపీ. రాత్రి 300 జీబీ డంప్‌ను అదే లన్‌లో పడేస్తారు, మర్నాడు దాన్ని తీసేసి కొత్తది రాస్తారు. సర్వర్‌లో చూస్తే ఒక్క డంపే కనిపిస్తుంది. స్టోరేజ్‌లో మాత్రం 14 రోజుల డంపులు 14 స్నాప్‌షాట్లలో ఇరుక్కుని కూర్చుంటాయి. డంపులు, పేజ్ ఫైల్ (మెమరీ చాలనప్పుడు విండోస్ డిస్కు మీద వాడుకునేది), టెంప్ డేటాబేస్ ఈ మూడింటినీ స్నాప్‌షాట్ లేని వేరే లన్‌కు మార్చితే చాలు, కొత్త డిస్కుల కోసం ఇండెంట్ పెట్టే పని చాలాచోట్ల తప్పుతుంది. పైసా ఖర్చు లేని పని కాబట్టే దీన్ని అమ్మేవాళ్లు ఎవరూ చెప్పరు.

చోటు నిండాక చేసే పనులు మరీ విచిత్రంగా ఉంటాయి. ముందు సర్వర్‌లో ఫైళ్లు తీసేస్తారు. స్నాప్‌షాట్ ఆ బ్లాకులను పట్టుకుని ఉన్నంతకాలం స్టోరేజ్‌లో ఒక్క జీబీ తిరిగిరాదు. తర్వాత స్నాప్‌షాట్లలో పెద్దదిగా కనిపించే ఒకదాన్ని డిలీట్ చేస్తారు, అప్పుడూ రావాల్సినంత రాదు. సత్రంలో ఐదుగురు కలిసి తీసుకున్న గది ఒక్కరు వెళ్లిపోయినంత మాత్రాన ఖాళీ కానట్టే, పక్క స్నాప్‌షాట్లు కూడా వాడుకుంటున్న బ్లాక్ విడుదల కాదు. ఆ ఒక్క స్నాప్‌షాట్‌కే చెందిన బ్లాకులు మాత్రమే తిరిగొస్తాయి. సాధారణంగా పాతవాటి నుంచి వరుసగా చెరిపేసుకుంటూ రావడమే దారి. బయటి ఊళ్లో ఉన్న డీఆర్ సెంటర్‌కు (ఇక్కడ విపత్తు వస్తే పని నడిపే చోటుకు) రెప్లికేషన్, అంటే డేటా నకలు పంపే ఏర్పాటు, ఉంటే ఇంకో చిక్కు. 2021 నవంబర్ వరదల్లాంటివి వచ్చి లింకు రోజుల తరబడి తెగితే, చివరిసారి రెండు వైపులా కలిసిన స్నాప్‌షాట్‌ను తీసేయడానికి వీలుండదు. దాన్ని తీసేస్తే మొత్తం డేటాను మళ్లీ మొదటినుంచి పంపాలి. లింకు వచ్చేదాకా అది పెరుగుతూనే ఉంటుంది.

రిజర్వ్ నిండితే ఏం జరగాలన్నదే అసలు ప్రశ్న. లైనక్స్‌లో డిస్కుల చోటును పంచే ఎల్‌వీఎంలో పాత పద్ధతి స్నాప్‌షాట్ నిండితే చెల్లకుండా పోతుంది. కొన్ని బాక్సులు పాత స్నాప్‌షాట్లను వాటంతటవే చెరిపేస్తాయి. కొన్నింటిలో స్నాప్‌షాట్లు అసలు డేటా చోటులోకి పాకి, చివరికి రాయడానికి చోటు లేక లన్ ఆఫ్‌లైన్ అవుతుంది. ఓపీ కౌంటర్ ఆగిపోవడం కన్నా పాత స్నాప్‌షాట్ పోవడమే మేలని ఎవరైనా అంటారు. అందుకే ఆటో డిలీట్ పెడతారు. నాకు భయం అక్కడే. 14 రోజులు ఉన్నాయనుకుంటుంటే లోపల 4 రోజులే మిగిలి ఉండొచ్చు, స్క్రీన్ మీద మాత్రం అంతా పచ్చగానే ఉంటుంది. ఫైళ్లకు తాళమేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ వచ్చిందా, అది ప్రతి ఫైల్‌నూ తిరగరాస్తుంది కాబట్టి మార్పు రేటు ఒక్కసారిగా ఎగబాకుతుంది, రిజర్వ్ నిండుతుంది. అప్పుడు ఆటో డిలీట్ మంచి స్నాప్‌షాట్లను ఒక్కొక్కటిగా తనే చెరిపేస్తుంది. దాడి చేసినవాడు అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా కొట్టేయనక్కర్లేదు.

2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్‌పై జరిగిన దాడిలో ఎన్‌క్రిప్ట్ అయింది సుమారు 1.3 టీబీ అని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. ఈ రోజుల్లో అది ఒక్క డిస్కులో పట్టే డేటా. అయినా ఆస్పత్రి రోజుల తరబడి కాగితాల మీద నడిచింది. అలాంటి దాడి కోసమే ఇప్పుడు గడువు తీరేదాకా ఎవరూ చెరపలేని లాక్డ్ స్నాప్‌షాట్లు వచ్చాయి. మంచివే, కానీ ఒకసారి లాక్ చేశాక చోటు నిండితే చెరిపి ఖాళీ చేసుకునే దారి కూడా మూసుకుపోతుంది. లాక్ పెట్టేవాళ్లు రద్దీ నెలల్లోని మార్పు రేటు తెలుసుకుని, దాని మీద కొంత ఖాళీ వదలాలి. రోజువారీ స్నాప్‌షాట్లన్నీ కాకుండా వారానికి ఒకటో రెండో లాక్ చేయడం చాలా సంస్థలకు సరిపోతుంది. స్నాప్‌షాట్ కూడా అదే బాక్సులో ఉంటుంది కాబట్టి వేరేచోట బ్యాకప్ ఎలాగూ ఉండాల్సిందే.

ఎన్ని రోజులు ఉంచాలి, నిండితే కొత్త డేటా రాయడం ఆగాలా పాత స్నాప్‌షాట్లు పోవాలా అన్నవి స్టోరేజ్ అడ్మిన్ ఒక్కడు తేల్చాల్సిన సంగతులు కావు. ఆస్పత్రిలో మెడికల్ సూపరింటెండెంట్, యూనివర్సిటీలో పరీక్షల కంట్రోలర్, ఫ్యాక్టరీలో అకౌంట్స్ మేనేజర్ రాతపూర్వకంగా చెప్పాలి. వచ్చే టెండర్‌లో ఎన్ని టీబీ అన్న వరుస పక్కనే, రద్దీ నెలలో రోజుకు మారే డేటా ఎన్ని జీబీ అన్న వరుస కూడా పెట్టండి. అది నింపాలంటే ఎవరో ఒకరు జూన్‌లో కూర్చుని కొలవక తప్పదు.