గ్యాస్ బిళ్ళకో సంబంధం చూడండి

గ్యాస్ బిళ్ళ మందు కాదు. వైద్యశాస్త్రానికి ఈ సంగతి ఇంకా తెలియదు గానీ, మనందరికీ తెలుసు.

మొన్న ఆపరేషన్‌కు ముందు మా బాబాయిని మత్తు డాక్టరుగారు అడిగారు. "రోజూ వేసుకునే మందులేమైనా ఉన్నాయా?"

"ఏమీ లేవండీ."

"బీపీకి?"

"లేదు."

"షుగర్‌కి?"

"అస్సలు లేదు!" అంటూ గర్వంగా కళ్ళజోడు కోసం జేబులో చెయ్యి పెట్టాడు. దాంతోపాటు పాంటాప్రజోల్ స్ట్రిప్పూ బయటికొచ్చింది. పదిహేనింట్లో పదకొండు ఖాళీ.

"మరి ఇదేమిటి?"

"అది మందు కాదండీ, గ్యాస్ బిళ్ళ."

"ఎన్నాళ్ళ నుంచి?"

బాబాయి పిన్ని వైపు చూశాడు. పిన్ని పైకప్పు వైపు చూసింది. "మా పెద్దాడు కాలేజీలో ఉన్నప్పుడు మొదలుపెట్టారండీ." ఆ పెద్దాడికిప్పుడు బడికెళ్ళే కూతురుంది.

డాక్టరుగారు రాసుకుని వెళ్ళారు. అప్పుడు పట్టుకుంది మావాళ్ళకు టెన్షన్. ఆ పెద్దాడే ఫోన్ తీసి ప్రకటించాడు: "నాన్నా, ఈ బిళ్ళకీ ఆపరేషన్ తర్వాత వచ్చే చిక్కులకీ సంబంధం ఉందట!"

ఈ బిళ్ళకు కుదరని సంబంధం ఏదైనా ఉందా అసలు? ఎముకలు విరగడంతో ఒకటి, మెగ్నీషియం తగ్గడంతో ఒకటి, న్యుమోనియాతో ఇంకొకటి. పెళ్ళిళ్ళ పేరయ్య కూడా ఇన్ని తేలేడు. బిళ్ళ వాడేవాళ్ళలో చాలామంది పెద్దవయసువాళ్ళు, అప్పటికే నాలుగు జబ్బులున్నవాళ్ళు. వాళ్ళకు ఆపరేషన్ తర్వాత చిక్కులొస్తే తప్పు బిళ్ళదా, జబ్బులదా? ఒకే ఊరేగింపులో నడిచినంత మాత్రాన మొగుడూ పెళ్ళాలైపోతారా?

పద్ధతిగా తేల్చినవీ ఉన్నాయి. గుండె, రక్తనాళాల జబ్బులున్న 17,598 మందిలో కొందరికి పాంటాప్రజోల్, కొందరికి ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చి సుమారు మూడేళ్ళు చూశారు. 2019లో తేలిందేమిటంటే, పాంటాప్రజోల్ వేసుకున్నవాళ్ళలో పేగుల ఇన్‌ఫెక్షన్లు కాస్త ఎక్కువ: 1.4 శాతం, ఉత్తుత్తి బిళ్ళవాళ్ళలో 1 శాతం. మిగతా భయాల్లో దేనికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అది ఆపరేషన్ల లెక్క కాదు, నిజమే. కానీ ఈ బిళ్ళ రాక్షసి కాదనడానికి ఆ మాత్రం చాలు.

పెద్దాడు అంత దూరం చదవలేదు. "ఈ పూట మానేద్దాం నాన్నా" అన్నాడు.

ఇక్కడ నాకు నవ్వు రాదు. మత్తులో ఉన్న మనిషికి కడుపులోని పుల్లటి నీళ్ళు పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి దిగితే ఏమవుతుందో 1946లోనే మెండెల్సన్ అనే డాక్టరు రాసిపెట్టాడు, కాన్పు సమయంలో మత్తిచ్చినప్పుడు కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోయిన 66 మంది సంగతి చెబుతూ. ఆ పులుపును తగ్గించడానికే కదా, ఎసిడిటీ ఉన్నవాళ్ళను ఆపరేషన్ రోజు పొద్దున కూడా బిళ్ళ వేసుకోమనేది! అడగాల్సిన మత్తు డాక్టరు పక్క గదిలోనే ఉంటే ఫోన్‌ని అడుగుతారా? సరే, బాబాయి అమాయకుడు. మొదట రాసిన పెద్దమనిషి ఏం చేశాడు? చాలామందికి కొన్ని వారాలు చాలే మందుకి ఆపే తేదీ వెయ్యడానికి పెన్నులో ఇంకు అయిపోయిందా? ఇన్నేళ్ళలో ఎంతమంది డాక్టర్లు మారారో! ఒక్కరైనా "ఇది ఇంకా ఎందుకయ్యా?" అని అడగలేదు. నిజంగా అవసరమున్నవాళ్ళు ఏళ్ళ తరబడి వాడతారు, కాదనను. ఈయనకు ఎందుకో రాసినవాడికైనా గుర్తుందా?

ఆపరేషన్ బాగానే అయింది. డిశ్చార్జి కాగితంలో ఆరు మందులు. అయిదింటికి ఎన్ని రోజులో రాశారు. ఆరోది పాంటాప్రజోల్, పరగడుపున ఒకటి. రోజుల గడిలో చిన్న గీత.