ఉత్తమ క్రీడాకారిణికి స్టీలు డిన్నర్ సెట్టు

మా ఊళ్లో ఏటా ఆగస్టు నెలాఖరులో ఒక సభ జరుగుతుంది. హాకీ మాంత్రికుడు ధ్యాన్‌చంద్ పుట్టినరోజు 29న కాబట్టి ఆ రోజే జరపాలన్నది నియమం. ముఖ్య అతిథికి ఆ రోజు తీరదు కాబట్టి ఇంకెప్పుడైనా జరపడం ఆనవాయితీ. జిల్లాలో ఆ ఏటి ఉత్తమ క్రీడాకారుడికి, ఉత్తమ క్రీడాకారిణికి అవార్డులిస్తారు. ఇచ్చేది ఒక సంఘం. పేరు రాయను, హన్మకొండలో నేనింకా కాపురం చెయ్యాలి. ఇరవై ఏళ్లు ప్రేక్షకుల్లో కూర్చుని చప్పట్లు కొట్టినందుకో ఏమో, ఈసారి నన్ను ఎంపిక కమిటీలో వేశారు. లోపలి సంగతులు చూశాక ఈ అవార్డుల మీద నా గౌరవం రెట్టింపయింది. తెలియక ఎగతాళి చేసేవాళ్ల కోసం ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మొదటి సమావేశం ఎజెండాలో మూడు అంశాలున్నాయి. ముఖ్య అతిథి ఎవరు, వేదిక మీద ఎవరెవరు, ఇతర విషయాలు. క్రీడాకారుల ఎంపిక ఇతర విషయాల కిందికి వస్తుంది. మొదటి రెండింటికే రెండుంబావు గంటలు పట్టింది. వేదిక మీద పద్నాలుగు కుర్చీలు పడతాయి, పెద్దమనుషులు ఇరవై ఇద్దరు. రెండు వరుసలు వేద్దామని నేనే అమాయకంగా అన్నాను. అందరూ నా వైపు చూశారు. "వెనక వరుసల ఎవరు కూసుంటరు సార్?" అని అధ్యక్షుడు మెల్లగా అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు ఇప్పటికీ దొరకలేదు.

ఇక ఇతర విషయాలు. కబడ్డీలో రైడ్‌కు వెళ్లే కుర్రాడు గొప్పా, జావెలిన్ విసిరేవాడు గొప్పా అని తేల్చడం మామూలు విషయం కాదు. ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్యకే చేతకాలేదు. వాళ్లు 1988లో కార్ల్ లూయిస్‌కు, ఫ్లోరెన్స్ గ్రిఫిత్ జాయ్నర్‌కు చెరొకటి ఇచ్చి మొదలుపెట్టారు. 2023కు వచ్చేసరికి ట్రాక్ వేరు, ఫీల్డ్ వేరు, స్టేడియం బయటి పరుగు వేరు అని విడగొట్టి ముగ్గురు మగవాళ్లకు, ముగ్గురు ఆడవాళ్లకు పంచారు. ఇద్దరి నుంచి ఆరుగురి దాకా రావడానికి వాళ్లకు 35 ఏళ్లు పట్టింది. మేం రెండో టీ రాకముందే పదకొండుకు చేరుకున్నాం. ఉత్తమ, అత్యుత్తమ, విశిష్ట, వర్ధమాన, ప్రోత్సాహక అని తెలుగులో విశేషణాలకు కరువా? పదకొండో అవార్డు ఒక కార్యవర్గ సభ్యుడి మేనల్లుడికి వచ్చింది. ఆ అబ్బాయి ఆడేది క్యారమ్స్. ఎవరో గొణిగితే ఆ సభ్యుడు లేచి, దేశంలో మొట్టమొదటి ఖేల్‌రత్న 1991-92కు గాను ఎవరికిచ్చారో చెప్పమన్నారు. చదరంగం ఆడే విశ్వనాథన్ ఆనంద్‌కు. కూర్చుని ఆడే ఆటకు దేశమే ఇచ్చినప్పుడు జిల్లా ఇవ్వకూడదా? మేం నోరు మూసుకున్నాం.

దరఖాస్తుల సంగతి కూడా చెప్పాలి. క్రీడాకారుడన్నవాడు తన గొప్పతనాన్ని తానే నాలుగు పేజీల్లో నింపి, మూడు జిరాక్సులు తీసి, గెజిటెడ్ అధికారి సంతకంతో గడువులోగా ఇవ్వాలి. ఇది మా చాదస్తమని కొందరంటారు. పారిస్‌లో ఒకే ఒలింపిక్స్‌లో రెండు పతకాలు తెచ్చిన మను భాకర్ పేరు 2024 డిసెంబరులో ఖేల్‌రత్న జాబితాలో కనబడక దేశమంతా గోల చేసింది గుర్తుందా? చివరికి ఆమే, నామినేషన్ వెయ్యడంలో తన వైపు పొరపాటు జరిగి ఉండొచ్చని చెప్పుకోవాల్సి వచ్చింది. తర్వాత పేరు చేర్చారనుకోండి, అది వేరే సంగతి. పది మీటర్ల దూరంలోని చుక్కను కొట్టడం ఎవరైనా నేర్చుకుంటారు. ఫారం నింపడం అందరికీ వచ్చే విద్య కాదు.

మా దరఖాస్తుల్లో ఒకటి రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. ఒక తండా అమ్మాయి, 400 మీటర్లు పరుగెత్తుతుంది. గడువు రోజున పోటీల్లో ఉందట. ఆటల అవార్డు కావాలనుకునే పిల్ల దరఖాస్తు వేళకు ఆటలకు వెళ్లడం ఏమిటని కమిటీ చాలా బాధపడింది. పైగా ఆధార్ సరిచూడటానికి వేలిముద్ర పడలేదు, పత్తి ఏరిన వేళ్లు అరిగిపోయాయట. ఇక్కడ నాకొక పాత సంగతి మనసులో మెదిలింది. మన దేశంలో ఆడేవాళ్లకు అర్జునుడి పేరు మీద, నేర్పేవాళ్లకు ద్రోణుడి పేరు మీద అవార్డులున్నాయి. ఏకలవ్యుడి పేరు మీద ఇచ్చేది కర్ణాటక, మధ్యప్రదేశ్ లాంటి రాష్ట్రాలే. అదే ఏకలవ్యుడు మా దగ్గరికి వస్తే బొటనవేలి ముద్ర లేదు కాబట్టి దరఖాస్తు అక్కడికక్కడే తిరస్కరించేవాళ్లం. నియమం అందరికీ ఒకటే.

ఆ అమ్మాయిని చివరికి ఎలా ఎంపిక చేశామంటే, ఆమె వ్యాయామ ఉపాధ్యాయుడు, అంటే పీఈటీ, మూడు రోజులు మా చుట్టూ తిరిగారు. మూడోరోజు అధ్యక్షుడి మనసు కరిగి, "ఈ యేడు ఇయ్యకుంటే ఏమైతది, వచ్చే యేడు ఇద్దాం" అన్నారు. నేను కలగజేసుకుని మిల్ఖా సింగ్ ఉదంతం చెప్పాను. ఆయన 1960లో రోమ్‌లో పరుగెత్తారు, అర్జున అవార్డు 1961లో పుట్టింది, ఆయనకిస్తామన్నది 2001లో. అప్పుడాయన వద్దు పొమ్మన్నారు. అధ్యక్షుడు ఉలిక్కిపడ్డారు. అవార్డు వద్దనే అవకాశం కూడా క్రీడాకారులకు ఉంటుందని ఆయనకు అప్పుడే తెలిసినట్టుంది. వెంటనే సంతకం పెట్టేశారు.

బహుమతుల దగ్గర కమిటీ ముందుచూపు చూడాలి. ఉత్తమ క్రీడాకారుడికి గేర్ల సైకిలు. ఉత్తమ క్రీడాకారిణికి స్టీలు డిన్నర్ సెట్టు, 51 వస్తువులు. ఎందుకీ తేడా అని నేను అడిగాను. "ఆడపిల్ల సార్, ఎప్పటికైనా పనికొస్తది" అన్నారు కోశాధికారి. పీఈటీ మాత్రం గుమ్మం దగ్గర నిలబడే, ఆ డబ్బుతో పరుగుకు వేసుకునే మేకుల బూట్లు, స్పైక్స్ ఇప్పిస్తే బాగుంటుందని నసిగారు. ఉన్న జత సీనియర్ అమ్మాయిదట, ముందు దూది కూరుకుని వేసుకుంటోందట. దానికి కోశాధికారి చెప్పిన జవాబు మినిట్స్‌లో ఎక్కించాల్సినంత గొప్పది. "వేదిక మీద స్పైక్స్ ఇస్తే ఫొటోల చెప్పులు ఇచ్చినట్టుంటది సార్."

జ్ఞాపికలు మామూలే, కాకతీయ తోరణం. వరంగల్‌లో పదవీ విరమణ చేసినా, కవిత్వం రాసినా, రక్తం ఇచ్చినా, గుండు విసిరినా ఇచ్చేది తోరణమే. కోటలో ఉన్నవి నాలుగే. ఊళ్లో టీవీల పక్కన దుమ్ము పట్టినవి లెక్కేస్తే ప్రతాపరుద్రుడు సైతం నోరెళ్లబెట్టేవాడు. ఈసారి ముఖ్య అతిథికి పెంబర్తి ఇత్తడి తోరణం, క్రీడాకారులకు బంగారు రంగు వేసిన ఫైబర్ తోరణం తెప్పించారు. ఫైబర్ తేలికగా ఉంటుంది, పిల్లలు మోయలేరేమోనని. పదిహేను కిలోల డంబెల్ ఎత్తే పిల్లల మీద అంత దయ!

సభ పదింటికి అని కార్డులో వేశారు. పిల్లలు ఎనిమిదిన్నరకే వచ్చి ట్రాక్ సూట్లలో మొదటి వరుసలో కూర్చున్నారు. తొమ్మిదిన్నరకు వాళ్లను మూడో వరుసలోకి, పదిన్నరకు ఏడో వరుసలోకి మార్చారు. ముఖ్య అతిథి ఒంటి గంట ఇరవై నిమిషాలకు వచ్చారు. ఈ మధ్యలో ఒక్క పిల్లా కుర్చీ విడిచి లేవలేదు. పల్లీలు తిని కడుపు నింపుకున్నారు. ఓర్పుకు పరీక్ష అంటే ఇదే, మారథాన్‌లోనైనా దారిలో నీళ్లిస్తారు.

ముఖ్య అతిథి 42 నిమిషాలు మాట్లాడారు. వెనక ఫ్లెక్సీ మీద జీవాంజి దీప్తి ఫొటో ఉంది, పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి. 2024లో జపాన్‌లోని కోబెలో ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో ప్రపంచ రికార్డుతో స్వర్ణం, అదే ఏడు పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ20 (మేధో వైకల్యం ఉన్నవాళ్ల) విభాగంలో 55.82 సెకన్లకు కాంస్యం, ఆపైన అర్జున. అతిథి ఆమెను ఎనిమిదిసార్లు "మన బిడ్డ" అన్నారు. ఆ బిడ్డను చిన్నప్పుడు ఊళ్లో పిచ్చిది, కోతి అని పిలిచేవారని తల్లే చెప్పుకుంది. ఆ పరుగును మొదట కనిపెట్టింది బడిలో పీఈటీ. ఆ సంగతులు అతిథికి రాసిచ్చిన కాగితంలో లేవు. 42 నిమిషాలంటే, నేను సెల్‌ఫోన్‌లో లెక్క కట్టాను, దీప్తి తన పారిస్ పరుగును ఆగకుండా 45 సార్లు పూర్తి చెయ్యగలిగేంత సేపు.

ప్రసంగంలో నాకు బాగా నచ్చిన మాట "ఆడపిల్లయినా". ఆడపిల్లయినా పరుగెత్తింది, ఆడపిల్లయినా పతకం తెచ్చింది. నేను కూర్చున్నచోటే ఉత్తర తెలంగాణ లెక్క తీశాను. నిఖత్ జరీన్ నిజామాబాద్ అమ్మాయి, 2022లో, 2023లో బాక్సింగ్ ప్రపంచ విజేత. గుగులోతు సౌమ్యదీ ఆ జిల్లానే, 2025లో భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణి. దీప్తి మనముందే ఉంది. మగవాళ్లలో నిజామాబాద్ బాక్సర్ హుసాముద్దీన్ 2023 ప్రపంచ పోటీల్లో కాంస్యం తెచ్చాడు, సెమీఫైనల్‌కు ముందు మోకాలు దెబ్బతినకపోతే ఇంకేమయ్యేదో. మొత్తమ్మీద "అయినా"ను ఇటునుంచి తీసి అటు పెట్టాల్సిన సమయం వచ్చినట్టుంది. "మగపిల్లాడయినా, పాపం, సెమీస్ దాకా వెళ్లాడు." వచ్చే ఏడు అతిథి కాగితంలో ఈ సవరణ ప్రతిపాదిస్తాను.

చివరికి అవార్డులు. పదకొండుమందికీ కలిపి తొమ్మిది నిమిషాలు. ఆ ఉక్కపోతలో ట్రాక్ సూట్ మీద శాలువా, శాలువా మీద దండ, చేతిలో తోరణం, పక్కన డిన్నర్ సెట్టు డబ్బా. అమ్మాయి ముఖం దండకూ డబ్బాకూ మధ్య ఎక్కడో ఉంది, ఫొటోలో అతిథి మాత్రం చక్కగా పడ్డారు. జ్ఞాపిక మీద "ఉత్తమ క్రీడాకారుడు" అని ఉంది, అచ్చు వేసినాయన అన్నింటికీ ఒకే స్టిక్కర్ కొట్టాడు. ఆమె దాన్ని చదువుకుంటూ దిగబోతుంటే వెనక నుంచి కేక. "ఆ తోరణం ఇటియ్యి బిడ్డా, ఒకటి తక్కువ పడ్డది, ఫొటో అయినంక మళ్లిస్తం." ఆ తక్కువపడినవాడు క్యారమ్స్ అబ్బాయి. తోరణం తిరిగి రాలేదు.

మర్నాడు పొద్దున ఆరింటికి నేను అలవాటుగా నెహ్రూ స్టేడియానికి నడకకు వెళ్లాను. ఇదే ట్రాక్ మీద 2021 సెప్టెంబరులో హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లు 4 నిమిషాల 5.39 సెకన్లలో పరుగెత్తి, 2002 నుంచి చెక్కుచెదరని సునీతా రాణి జాతీయ రికార్డు బద్దలుకొట్టింది. మా కమిటీ సభ్యుడొకాయన తాను ఆ రోజు అక్కడే ఉన్నానంటారు, ఆయనకు గుర్తున్నది మాత్రం పార్కింగ్ దొరకకపోవడం.

నిన్నటి ఉత్తమ క్రీడాకారిణి ట్రాక్ పక్కన గడ్డిలో ఉంది. శాలువాను నాలుగు మడతలు పెట్టి కింద పరుచుకుని, దాని మీద కాళ్లు చాపి వంగుతోంది. తడి గడ్డి మీద జరీ అంచు కూడా బాగానే ఆగుతోంది. పీఈటీ మోటార్‌సైకిల్ వెనక డిన్నర్ సెట్టు డబ్బా తాడుతో కట్టి ఉంది. దాన్ని తండాకు బస్సులో తీసుకెళ్తే లగేజీ టికెట్ అడిగారట, అందుకని ఆయన ఇంట్లో పెట్టారట. మరి పొద్దున్నే మళ్లీ బండి మీద ఎందుకో నాకు అర్థం కాలేదు.

నన్ను చూసి అమ్మాయి లేచి వచ్చింది. అభినందనలు చెప్పబోయాను. ఆమె డబ్బా వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"సార్, దీని బిల్లు ఉన్నదా? బిల్లు చూపిస్తే దుకాణంల వాపసు తీసుకుంటరట. స్పైక్స్‌కు ఇంకొంచెం కలిపితే సరిపోతది."

బిల్లు కోశాధికారి దగ్గర ఉంటుందని చెప్పాను. పీఈటీ సెల్‌ఫోన్ తీసి చూపించారు. నిన్న సాయంత్రం నుంచి ఆయనకు పదిహేడు సార్లు చేశారట.