మగ్గులో కప్ప, బీరువాలో మగ్గు

ఇంగ్లండ్ పాతకాలపు తమాషా మగ్గులు సేకరించేవాళ్ల మీద వెంటనే ఒక విచారణ కమిషన్ వేయాలని డిమాండ్ చేస్తున్నాను. నేరం చిన్నదేం కాదు. కప్పలను పనిలేకుండా కూర్చోబెట్టారు.

పద్దెనిమిదో శతాబ్దం చివర్లో, పందొమ్మిదిలో ఈశాన్య ఇంగ్లండ్‌లోని సండర్లాండ్ వైపు కుమ్మరులు బీరు మగ్గు లోపల ఒక మట్టి కప్పను అతికించేవాళ్లు. బయటికి మాత్రం పెద్దమనిషి మగ్గు. గులాబీ రంగు మెరుపు పూత (ఆ రంగు రావడానికి బంగారమే వాడేవాళ్లు, కప్పగారికి ఆ మాత్రం హోదా ఉండాలి కదా), దాని మీద 1796లో వేర్ నదిపై తెరిచిన ఇనుప వంతెన బొమ్మ, ఇంకోవైపు నావికుల పద్యం. తాగేవాడు వంతెన చూసి మురిసిపోతూ సగం లాగించేసరికి నురగలోంచి రెండు గుడ్లు తేలి అతని వంకే చూస్తాయి, వాడు కెవ్వుమంటాడు, చుట్టూ ఉన్నవాళ్లు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. ఆ కప్ప ఉద్యోగం మొత్తం అదే.

దీని చుట్టాలు ఇంకా ఘోరం. మెడ నిండా చిల్లులున్న కూజా ఒకటుంది, మామూలుగా వంచితే నోటికన్నా ముందు చొక్కా తాగుతుంది. పిడిలోంచి అంచు దాకా ఒక గొట్టం దాచి ఉంటుంది, పిడి కిందున్న దొంగ చిల్లును వేలితో మూసి, అంచు మీదున్న చిన్న కొమ్ములోంచి నోటితో పీల్చాలి. అది తెలిసినవాడు పందెం గెలుస్తాడు, తెలియనివాడు తడిసి ఇంటికెళ్తాడు. సోమర్‌సెట్‌లో అయితే మూడు నాలుగు కప్పులను లోపల కన్నాలతో కలిపేసేవాళ్లు. ఒక్కటే తాగుతానంటే కుదరదు, పక్కవాటిలోది కూడా వచ్చి చేరుతూనే ఉంటుంది.

ఇంత దుర్మార్గపు సరుకుకి ఇప్పుడు అద్దాల బీరువాలో రాజభోగం. యజమాని టార్చి వేసి, భూతద్దం పెట్టి కప్ప కాలివేలు చిట్లిందేమో చూస్తాడు. చిట్లితే ఇంట్లో శవం లేచినంత దిగులు. గోటితో కొట్టి వింటాడు, మనం సంతలో కుండ కొన్నట్టే. ఖంగుమంటే సరే, బొంగురుగా పలికితే ఎక్కడో బీట ఉన్నట్టు. అడుగున 'ఇంగ్లండ్' అని రాసి ఉంటే మరీ మొహం మాడ్చుకుంటాడు. దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా చట్టం చేశాక, 1891 నుంచి ఆ ముద్ర మామూలైపోయింది, కాబట్టి ఆ పేరుంటే వస్తువు అంత పాతది కాదు. ఇంగ్లండ్ మగ్గు మీద ఇంగ్లండ్ అని ఉండటమే దాని కళంకం!

ఇంతా చేసి దాంట్లో చుక్క పోయడు. పోయకపోతే కప్ప దాక్కునేదెక్కడ? దాక్కోని కప్పను చూసి ఎవడు జడుసుకుంటాడు?

పాత పూతలో సీసం ఉంటుంది, తాగకూడదంటారు. ఒప్పుకుంటాను, ఆరోగ్యం ముఖ్యం. అందుకే కమిషన్‌కు నా సిఫార్సు సులువుగానే ఉంది. ఏడాదికోసారి మగ్గులో రంగునీళ్లు పోసి, సంగతి తెలియని అతిథి చేతికిచ్చి, సింకులోకి వంచమనాలి. తాగక్కర్లేదు, కేక పెడితే చాలు.

మూడు మూలల టోపీ పెట్టుకుని కూర్చున్న మనిషి ఆకారంలో స్టాఫర్డ్‌షైర్ వాళ్లు చేసిన టోబీ కూజాలకు మాత్రం మినహాయింపు ఇవ్వొచ్చు. ఆయన తన మగ్గు తనే పట్టుకుని కూర్చున్నాడు, ఎవరి అనుమతీ అడగడం లేదు.