రాయబారం ఫలించినా ఆగని యుద్ధం

మొదటి ప్రపంచ యుద్ధానికి తక్షణ కారణం ఏమిటి? బడిలో సాంఘికశాస్త్రం చదివిన ఎవరిని అడిగినా ఠక్కున చెబుతారు: సారాజెవోలో ఆస్ట్రియా యువరాజు హత్య. మార్కులు వచ్చేస్తాయి. 1914 జూన్ 28న పందొమ్మిదేళ్ల గావ్రిలో ప్రిన్సిప్ కాల్చిన తూటాలకు యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్, ఆయన భార్య సోఫీ ప్రాణాలు విడిచిన మాట నిజమే. కానీ బ్రిటన్ యుద్ధంలోకి దిగింది ఆగస్టు 4న. మధ్యలో 37 రోజులున్నాయి. ఆ రోజులన్నిటినీ మింగేసి, నేరమంతా ఒక కుర్రాడి పిస్తోలు మీదకు తోసేసే జవాబు అది. దాదాపు కోటిమంది సైనికులను పొట్టన పెట్టుకున్న యుద్ధం గురించి మన పిల్లలకు ఇంతకంటే ఎక్కువ చెప్పాలని ఈ పత్రిక భావిస్తోంది.

ఆ 37 రోజుల్లో ఏం జరిగింది? హత్య వెనక పొరుగుదేశం సెర్బియా హస్తం ఉందన్నది ఆస్ట్రియా ఆరోపణ. జులై 5న ఆస్ట్రియా దూత జర్మనీ రాజధాని బెర్లిన్ వెళ్లాడు. మీరేం చేసినా మీ వెనక మేమున్నామని జర్మనీ చక్రవర్తి కైజర్ విల్‌హెల్మ్ మాట ఇచ్చేశాడు. మర్నాడు నార్వే తీరానికి ఓడలో విహారయాత్రకు బయల్దేరాడు. అప్పటికి ఫ్రాన్స్ అధ్యక్షుడు పాయింకేర్ రష్యా పర్యటన ఖరారై ఉంది. ఆయన అక్కడున్నప్పుడు సెర్బియాకు అల్టిమేటం ఇస్తే, సెర్బియాకు అండగా ఉన్న రష్యా, దాని మిత్రదేశం ఫ్రాన్స్ నాయకులు పక్కపక్కన కూర్చుని ఆలోచించుకుంటారు. అందుకని ఆయన తిరుగు ప్రయాణానికి ఓడ ఎక్కేదాకా ఆగి, జులై 23 సాయంత్రం ఆస్ట్రియా రాజధాని వియన్నా తన అల్టిమేటం అందించింది. గడువు 48 గంటలు. కడుపుమంటతో కళ్లు మూసుకుపోయినవాళ్లు చేసే పని కాదిది. వేళ చూసుకుని, లెక్క వేసుకుని చేసిన పని.

సెర్బియా దాదాపు అన్ని షరతులకూ తల వంచింది. ఆస్ట్రియా అధికారులు సెర్బియా గడ్డ మీద జరిగే దర్యాప్తులో పాల్గొంటారన్న షరతు దగ్గరే కాదంది. యాత్ర నుంచి తిరిగొచ్చిన కైజర్ జులై 28 ఉదయం ఆ జవాబు చదివి, దీంతో యుద్ధానికి కారణమే లేకుండా పోయిందని తన చేతితో రాశాడు. అదే రోజు వియన్నా టెలిగ్రాం పంపి మరీ సెర్బియాపై యుద్ధం ప్రకటించింది. మధ్యవర్తిగా నిలవాలన్న కైజర్ ఆలోచనను ఆయన ఛాన్సలర్ (ప్రభుత్వాధినేత) బేత్‌మన్ హోల్వెగ్ ఆలస్యం చేసి, పలచన చేసి వియన్నాకు పంపాడు. రాయబారం చెడితేనే కురుక్షేత్రం జరిగిందని వింటూ పెరిగాం మనం. 1914లో రాయబారం చాలావరకు ఫలించింది. అయినా యుద్ధం ఆగలేదు. ఎందుకు ఆగలేదన్నదే పరీక్షలో అడగాల్సిన ప్రశ్న.

మా దృష్టిలో దానికి మొదటి జవాబు రైళ్లు. పారిశ్రామిక యుగంలో సైన్యమంటే కోటలో కాపలా ఉండే బంటులు కాదు. పొలాల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసుకునే లక్షలాది మంది రిజర్వు సైనికులను పిలిచి, తుపాకులిచ్చి, గుర్రాలతో ఫిరంగులతో సహా రైళ్లెక్కించి సరిహద్దుకు చేర్చాలి. దీన్నే సైనిక సమీకరణ అన్నారు. ఏ రైలు ఏ నిమిషానికి ఏ వంతెన దాటాలో ఏళ్ల తరబడి కూర్చుని పట్టికలు వేశారు. 1894 నాటికే ఫ్రాన్స్, రష్యా జట్టు కట్టాయి కనుక జర్మనీకి రెండు వైపులా శత్రువులే. ఆరు వారాల్లో ఫ్రాన్స్‌ను పడగొట్టి, నెమ్మదిగా కదిలే రష్యా మీదకు మళ్లాలన్నది దాని పథకం. ఆ పథకంలో ఫ్రాన్స్‌కు దారి బెల్జియం మీదుగా ఉంది. అంటే రష్యా ఎక్కడో తూర్పున తన రిజర్వులను పిలిస్తే చాలు, పడమట బెల్జియం నెత్తిన పిడుగు పడుతుంది. ఒకరి గడియారం కదిలితే అందరి గడియారాలూ కదలక తప్పని ఏర్పాటు ఇది.

రష్యా జార్ నికొలాస్ జులై 29న పూర్తి సమీకరణకు సంతకం పెట్టాడు. కైజర్ నుంచి టెలిగ్రాం రావడంతో ఆ రాత్రే వెనక్కి తీసుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నం మంత్రి సజొనోవ్ గంటసేపు నచ్చజెప్పాక మళ్లీ ఒప్పుకున్నాడు. ఇక రాజుగారు మనసు మార్చుకున్నా తనకు కబురు అందకుండా టెలిఫోన్ పగలగొడతానన్నాడు రష్యా సైనిక ప్రధానాధికారి యనుష్కెవిచ్. కోట్లమంది బతుకులు ఆ ఒక్క ఫోను తీగకు వేలాడుతున్న క్షణమది.

బెర్లిన్‌లో ఆగస్టు 1 సాయంత్రం జరిగింది ఇంకా ఘోరం. బ్రిటన్ తటస్థంగా ఉండొచ్చని లండన్ నుంచి ఒక టెలిగ్రాం వచ్చింది. అది పొరపాటు సమాచారమని తర్వాత తేలింది. దాన్ని నమ్మిన కైజర్ సంబరపడి, అయితే సైన్యమంతటినీ తూర్పుకే పంపుదామన్నాడు. సైనిక ప్రధానాధికారి మోల్ట్‌కే కుదరదన్నాడు. 11,000 రైళ్ల పట్టిక అది, ఏడాదంతా శ్రమపడి వేసినది, ఒకసారి వేశాక మార్చేది లేదన్నాడు. చక్రవర్తి శాంతికి ఒక దారి చూపిస్తే సేనాని రైళ్ల పట్టిక చూపించాడు. జర్మన్ సైన్యపు రైల్వే విభాగాన్ని నడిపిన జనరల్ ఫాన్ స్టాబ్ యుద్ధం అయ్యాక ఒక పుస్తకమే రాశాడు, రైళ్లను తూర్పుకు మళ్లించడం సాధ్యమేనని లెక్కలతో సహా చూపించాడు. అంటే చేయగలిగిందే. చేయలేమని చెప్పి తప్పించుకున్నారు.

అందుకే ఆ యుద్ధం ఎవరికీ ఇష్టం లేకుండా, అందరూ కాలుజారి పడిపోతే వచ్చిందన్న మాటతో మేం ఏకీభవించం. పట్టికలను దేవుడు పంపలేదు, మనుషులే వేశారు. ఎవరి పాపం ఎంతని చరిత్రకారులు వందేళ్లకు పైగా వాదించుకుంటున్నారు. పెద్ద వాటా వియన్నా, బెర్లిన్‌లదేనని మా అభిప్రాయం. పిట్ట గొడవను ఫిరంగుల దాకా తెచ్చిందీ, తటస్థ దేశంగా ఉంటుందని 1839లో తమ పూర్వీకులే సంతకం చేసి మాటిచ్చిన బెల్జియాన్ని తొక్కిందీ వాళ్లే. ఆ ఒప్పందాన్ని ఉత్త కాగితం ముక్క అన్నది ఛాన్సలర్ బేత్‌మన్ హోల్వెగే. కానీ లండన్ చేతులూ శుభ్రంగా లేవు. 1906 నుంచి ఫ్రెంచి సేనానులతో రహస్యంగా యుద్ధ మంతనాలు నడిపిన బ్రిటిష్ ప్రభుత్వం, వాటి సంగతి తన సొంత కేబినెట్‌లో చాలామందికి 1911 దాకా చెప్పలేదు. ఇక పార్లమెంటుకు, ప్రజలకు చెప్పిందెక్కడ?

యుద్ధం మొదలయ్యాక దాని నడక ఫ్యాక్టరీల చేతుల్లోకి వెళ్లింది. వీరత్వానికి అక్కడ చోటు తక్కువ. ముళ్లకంచె, మెషిన్‌గన్, కందకం కలిస్తే ముందుకు వెళ్లేవాడు చచ్చేవాడే. ఒకవేళ ఎక్కడన్నా గండి పడినా, దాడి చేసినవాడు బురదలో కాలినడకన ముందుకు పోవాలి, కాపాడుకునేవాడికి సాయం వెనక నుంచి రైల్లో దిగుతుంది. ఈ ఒక్క లెక్క తెలిస్తే పడమటి యుద్ధరేఖ నాలుగేళ్లు ఎందుకు కదలలేదో అర్థమవుతుంది. 1916 జులై 1న ఫ్రాన్స్‌లోని సోమ్ నది దగ్గర జరిగింది అదే. వారంపాటు 15 లక్షలకు పైగా గుండ్లు కురిపించాక శత్రువు మిగలడనుకుని బ్రిటిష్ సైన్యం కందకాలు దాటింది. ఆ ఒక్కరోజే 57,470 మంది చనిపోవడమో గాయపడడమో గల్లంతవడమో జరిగింది. చనిపోయినవారే 19,240 మంది. ఆ మర్నాడు దాడి ఆపలేదు. నవంబర్ దాకా సాగించారు.

ఎరువు కథ అంతకంటే బాధ కలిగిస్తుంది. పేలుడు పదార్థాలకు నైట్రేట్ కావాలి, అది చిలీ నుంచి ఓడల్లో రావాలి, సముద్రమేమో బ్రిటిష్ నౌకాదళం చేతిలో ఉంది. ఆ దిగ్బంధంలో జర్మనీ ఎక్కువకాలం పోరాడగలిగేది కాదు. గాలిలోని నత్రజనిని పట్టి అమ్మోనియా చేసే పద్ధతిని ఫ్రిట్జ్ హేబర్ కనిపెట్టాడు, కార్ల్ బాష్ దాన్ని ఫ్యాక్టరీకి ఎక్కించాడు. 1913లో జర్మనీలోని ఒప్పావ్‌లో మొదలైన ఆ ఫ్యాక్టరీ పంటల కోసం పుట్టింది. మన వరి చేలల్లో చల్లే యూరియా కూడా ఆ విద్య నుంచి వచ్చిందే. ఆ విద్యనే గుండ్లు నింపడానికి మళ్లించారు. హేబర్ అక్కడితో ఆగలేదు. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర క్లోరిన్ వాయువు వదిలిన పనిని తానే దగ్గరుండి చూశాడు. కొద్దిరోజులకే, మే 2న, స్వయంగా రసాయన శాస్త్రవేత్త అయిన ఆయన భార్య క్లారా భర్త తుపాకీతోనే ప్రాణం తీసుకుంది.

ఎవరూ ఎందుకు ఆపలేదు? 1916 డిసెంబర్‌లో అమెరికా అధ్యక్షుడు విల్సన్ మీ షరతులేమిటో చెప్పమని రెండు పక్షాలనూ అడిగాడు. 1917 ఆగస్టులో పోప్ బెనెడిక్ట్ శాంతి పత్రం పంపాడు. రెండూ వృథా అయ్యాయి. ఫ్రాన్స్‌లోని వెర్డన్‌లో పది నెలలు పోరాడి ఫ్రెంచి, జర్మన్ సైన్యాలు రెండూ కలిపి 3 లక్షలమందిని పోగొట్టుకున్నాయి. ఇంతమంది పోయాక ఉత్తచేతులతో ఇంటికెలా వెళ్తాం, వాళ్ల తల్లులకేం చెబుతామన్నది ప్రతి రాజధానిలోనూ వినిపించిన మాట. చచ్చినవాళ్లను చూపించి ఇంకొందరిని చావుకు పంపారు. పైగా అప్పులు. గెలిస్తే ఓడినవాడితో కట్టించొచ్చని ప్రజల దగ్గర యుద్ధ రుణాలు తీసుకున్న ప్రభుత్వాలకు రాజీ అంటే దివాలా.

ఈ యుద్ధం మనది కాదని అనుకోడానికి లేదు. భారతదేశం తరఫున వైస్రాయ్ యుద్ధం ప్రకటించాడు, భారతీయులను ఎవరూ అడగలేదు. 10 లక్షలమందికి పైగా సముద్రాలు దాటారు, 74,000 మంది దాకా తిరిగిరాలేదు. 1915 మార్చిలో ఫ్రాన్స్‌లోని నవ్ షపెల్ దాడిలో సగం మంది మన సైనికులే. హైదరాబాద్ లాన్సర్లు జోధ్‌పూర్, మైసూరు దళాలతో కలిసి పాలస్తీనాలో పోరాడారు. ఢిల్లీ తీన్‌మూర్తి కూడలిలో నిలబడ్డ మూడు విగ్రహాల్లో ఒకటి వాళ్లకు గుర్తు. అటుగా వెళ్లే తెలుగువాళ్లలో అది మనవాళ్లదని తెలిసినవాళ్లు ఎందరో! తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం ఆ యుద్ధానికి కూడా జవాన్లను పంపిన ఊరు. 1914 సెప్టెంబర్ 22 రాత్రి జర్మన్ నౌక ఎమ్డెన్ మద్రాసు మీద గుండ్లు కురిపించి చమురు ట్యాంకులు తగలబెడితే నగరం నుంచి వేలమంది పారిపోయారు. అప్పుడు మద్రాసు తెలుగువాళ్లకూ రాజధాని. ఇంత ఇచ్చినందుకు 1919లో మనకు దక్కింది రౌలట్ చట్టం, జలియన్‌వాలాబాగ్.

ఆనాడు నిర్ణయానికి 37 రోజులు దొరికాయి. ఈనాడు క్షిపణి గాల్లోకి లేచాక దొరికేవి నిమిషాలు. ఆ నిమిషాలను కూడా యంత్రాలకు అప్పగిద్దామన్న ఆలోచనలు పెద్ద దేశాల రక్షణ శాఖల్లో నడుస్తున్నాయి. దీన్ని మేం నిర్ద్వంద్వంగా వ్యతిరేకిస్తున్నాం. భారత్, పాకిస్తాన్‌లు ఎంత బద్ధవైరంలో ఉన్నా 1992 నుంచి ఏటా జనవరి 1న తమ అణుకేంద్రాల జాబితాలను ఇచ్చిపుచ్చుకుంటున్నాయి, ఇరు సైన్యాల ఆపరేషన్ల అధిపతుల మధ్య హాట్‌లైన్ ఉంది. ఉద్రిక్తత పెరిగినప్పుడల్లా ఆ తీగ తెంచెయ్యాలని టీవీ చర్చల్లో కేకలు వేసేవారు యనుష్కెవిచ్ ఫోనును ఒకసారి తలుచుకోవాలి. శత్రువుతో మాట్లాడే దారిని ఉంచుకోవడం లొంగిపోవడం కాదు. పాఠ్యపుస్తకాలు తయారుచేసే రెండు రాష్ట్రాల విద్యామండళ్లకు మా విన్నపం ఒక్కటే: సారాజెవో పేరాకు మరో పేజీ జోడించండి, ఆ 37 రోజుల్లో ఎవరు ఎక్కడ ఆపగలిగి ఆపలేదో రాయండి.

గడియారాన్ని బట్టి మొదలైన ఆ యుద్ధం గడియారాన్ని బట్టే ముగిసింది. 1918 నవంబర్ 11 తెల్లవారుజామున అయిదింటికి కాంపియెన్ అడవిలో ఒక రైలు పెట్టెలో సంధిపత్రం మీద సంతకాలయ్యాయి. కాల్పులు ఆగాల్సింది మాత్రం ఉదయం 11 గంటలకు. సంధి ఖాయమని తెలిసి కూడా కొందరు సేనానులు దాడులు కొనసాగించారు. ఆ ఒక్కరోజే 2,700 మందికి పైగా చనిపోయారని అంచనా. అమెరికా సైనికుడు హెన్రీ గుంథర్ 10 గంటల 59 నిమిషాలకు జర్మన్ మెషిన్‌గన్ వైపు పరుగెత్తాడు. జర్మన్లు చేతులూపి, వెనక్కి వెళ్లిపొమ్మని సైగ చేశారు. అతను ఆగలేదు. అతనిది జర్మన్ మూలాలున్న కుటుంబం. ఇంకొక్క నిమిషం ఉంది.