హోల్స్ కలిస్తే సరిపోదు: అలాయ్ వీల్స్ మార్పిడిపై తిరుగుతున్న మాటకు జవాబు

సెకండ్ హ్యాండ్ అలాయ్ వీల్స్ కొనేవాళ్ల మధ్య ఒక వాట్సాప్ మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: “మీ కారుకు ఎన్ని హోల్సో, పీసీడీ ఎంతో చూసుకోండి. ఆ రెండూ కలిస్తే ఏ కంపెనీ రిమ్మయినా ఏ కంపెనీ కారుకైనా కూర్చుంటుంది. మధ్య బోర్‌లో గ్యాప్ ఉన్నా నట్లు లాగి పట్టేస్తాయి. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా లెక్కలోకి రాదు. నట్లన్నీ ఒకటే. లోపల తగిలితే స్పేసర్ వేస్తే సరి. వద్దనే షోరూమ్ వాళ్లు సొంత రిమ్ములు అమ్ముకోవడానికే భయపెడతారు.”

పీసీడీ అంటే నట్ల హోల్స్ కేంద్రాల మీదుగా గీసిన వృత్తం వ్యాసం. అది కలవకపోతే చక్రం ఎక్కదన్నది నిజమే. కానీ కలిస్తే ఎక్కినట్టేనా? 2014లో వచ్చిన హోండా సిటీని, హ్యుందాయ్ ఐ20ని తీసుకోండి. రెండింటికీ నాలుగే హోల్స్, పీసీడీ 100. మెసేజ్ ప్రకారం కళ్లు మూసుకుని మార్చేయొచ్చు. తీరా చూస్తే హబ్ (రిమ్ మధ్య రంధ్రంలో, అంటే బోర్‌లో, దూరే కారు వైపు గుండ్రటి భాగం) వ్యాసం సిటీకి 56.1 మిల్లీమీటర్లు, ఐ20కి 54.1. ఐ20 రిమ్ సిటీ హబ్ దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు “లేత్ మీద రెండు మిల్లీమీటర్లు తీయించేద్దాం సార్” అంటారు. రిమ్మును సరిగ్గా సెంటర్ చూసి కట్టకుండా బోర్ తీస్తే ఆ చక్రం ఇక ఎప్పటికీ తిన్నగా తిరగదు. అటునుంచి సిటీ రిమ్ తెచ్చి ఐ20కి పెడితే ఎక్కుతుంది, చుట్టూ ఒక్కో మిల్లీమీటరు ఖాళీతో. అసలు గొడవ ఇక్కడే మొదలవుతుంది.

“నట్లు లాగి పట్టేస్తాయి” అన్న మాట చాలామంది నమ్మేది. పూర్తిగా కొట్టిపారేయలేం కూడా. కోన్ ఆకారపు నట్లు చక్రాన్ని మధ్యకు తెచ్చే ప్రయత్నం చేస్తాయి. కారు బరువంతా మధ్య బోర్ మీదే ఆగుతుందని ఎదురు వాదించేవాళ్లు కూడా అతి చేస్తున్నారు. నట్లు సరిగ్గా బిగిస్తే రిమ్ వెనక ముఖానికీ హబ్ ముఖానికీ మధ్య పుట్టే ఒరిపిడే బరువును ఎక్కువగా మోస్తుంది. చిక్కు బరువుతో కాదు, సెంటర్‌తో. జాకీ మీద కారు ఒక పక్కకు వాలి ఉండగా, పైనున్న నట్టునే ముందు ఎయిర్ గన్‌తో ఫుల్‌గా బిగించేస్తే, చక్రం ఆ మిల్లీమీటరు ఖాళీలో కాస్త పక్కకు జరిగి అక్కడే ఉండిపోతుంది. ఊళ్లో తిరిగినంతసేపు ఏమీ తెలియదు. హైవే మీద ఎనభై, తొంభై దాటగానే స్టీరింగ్ వణకడం మొదలవుతుంది.

ఆ తర్వాత నడిచే కథ చాలామందికి అనుభవమే. బ్యాలెన్సింగ్‌కి తీసుకెళ్తారు. మెషిన్ సున్నా చూపిస్తుంది. “వీల్ పర్ఫెక్ట్‌గా ఉంది సార్, సస్పెన్షన్ చూపించుకోండి” అంటారు. బుష్‌లు, టై రాడ్లు మారతాయి, వణుకు మాత్రం పోదు. ఎందుకంటే బ్యాలెన్సింగ్ మెషిన్ కోన్ రిమ్మును దాని బోర్ ఆధారంగా మధ్యలో పట్టుకుంటుంది. కారు మీద ఆ బోర్‌కు ఆధారమే లేదు. మెషిన్ చెప్పింది నిజమే, కారులో వచ్చే వణుకూ నిజమే. దీనికి విరుగుడు ఖరీదైనదేం కాదు: బయట 56.1, లోపల 54.1 కొలతలున్న సెంట్రింగ్ రింగ్. బయటి కంపెనీల అలాయ్‌లు చాలావరకు 73.1 బోర్‌తో వచ్చేది కూడా ఇందుకే, రింగ్ మార్చి రకరకాల కార్లకు అమ్ముకోవచ్చని. ప్లాస్టిక్ రింగ్ చాలా అని అడుగుతుంటారు. చాలు. దాని పని మోయడం కాదు, బిగించేటప్పుడు మధ్యలో నిలబెట్టడం.

ఇక ఒకటి రెండు మిల్లీమీటర్ల లెక్క. ఫియట్ పుంటో, లినియా వాళ్లు ఈ మాటకు ఎక్కువగా బలయ్యారు. వాటి పీసీడీ 98. ఆ కొలతలో అలాయ్‌లు దొరకడం కష్టం, 100 రిమ్ములు ఏ షాపులో చూసినా గుట్టలు. తేడా రెండే మిల్లీమీటర్లు కాబట్టి బోల్టులు ఎలాగోలా దిగుతాయి. అయితే ప్రతి బోల్టు తన కేంద్రానికి ఒక మిల్లీమీటరు పక్కన కూర్చుంటుంది. కోన్ ఒక వైపే ఆనుతుంది, బోల్టు వంపు పట్టి బిగుస్తుంది. కారు కదిలే ప్రతిసారీ ఆ వంపు కాస్త కాస్త సర్దుకుంటూ పోయి బిగుతు తగ్గుతుంది. ఈ తేడా కోసమే కోన్ విడిగా కదిలే వాబుల్ బోల్టులు దొరుకుతాయి. నాణ్యమైనవైతే పని చేస్తాయి. మెసేజ్‌లో వాటి ఊసే లేదు.

నట్లన్నీ ఒకటేనన్న మాట చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. హోండా, టయోటా, హ్యుందాయ్ కార్లకు స్టడ్ (హబ్ నుంచి బయటికి వచ్చి నట్టు ఎక్కే మర కడ్డీ) 12 మిల్లీమీటర్లు, మరకూ మరకూ మధ్య 1.5 దూరం. సుజుకీకి అదే 12 స్టడ్, దూరం మాత్రం 1.25. పక్కపక్కన పెట్టి చూస్తే కంటికి తేడా ఆనదు. తప్పు నట్టు చేత్తో ఒకటి రెండు చుట్లు తిరిగి గట్టిపడుతుంది. అక్కడ ఆగితే సరి. ఎయిర్ గన్ పెడితే ఎక్కేస్తుంది, స్టడ్ మరలు కోసుకుంటూ. అందుకే “అన్నా, మొదట చేత్తో తిప్పి చూపించు” అని అడగండి, మొహమాటపడకండి.

మరలు కలిసినా నట్టు కూర్చునే చోటు కలవాలి. హోండా సొంత రిమ్ములకు గుండ్రటి సీటు, హ్యుందాయ్‌వి కోన్. గుండ్రటి నట్టు కోన్ రంధ్రంలో సన్నటి గీత మీద మాత్రమే ఆనుతుంది. పానాకు గట్టిగానే అనిపిస్తుంది, కొన్ని రోజులకు వదులవుతుంది. హోండా చెప్పే బిగుతు 108 న్యూటన్ మీటర్లు, టయోటాది 103. టార్క్ పానా ఉన్న షాపులోనే వేయించుకుని, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూపించుకోండి. స్టెప్నీ కంపెనీ రిమ్మే అయితే దానికి సరిపడే పాత నట్లు డిక్కీలో ఉంచుకోవాలి. రాత్రిపూట పంచర్ పడితే గానీ ఇది చాలామందికి గుర్తుకు రాదు.

స్పేసర్ దగ్గరికి వస్తే, హబ్‌కూ రిమ్ముకూ మధ్య పెట్టే ఆ లోహపు బిళ్ల దేన్ని సరిదిద్దుతుందో ముందు తెలియాలి. రిమ్ మధ్య గీత నుంచి హబ్‌కు ఆనే ముఖం ఎంత దూరంలో ఉందో చెప్పే సంఖ్య ఆఫ్‌సెట్. రిమ్ వెనక ఈటీ 45, ఈటీ 35 అని పోత పోసి ఉంటుంది. మీ పాత రిమ్ 6 అంగుళాల వెడల్పు, ఈటీ 45 అనుకుందాం. 7 అంగుళాలు, ఈటీ 35 ఉన్నది తెచ్చారు. వెడల్పు వల్ల ఇటూ అటూ 12.7 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది, ఆఫ్‌సెట్ వల్ల మొత్తం 10 బయటికి జరిగింది. అంటే బయటి అంచు 22.7 బయటికి, లోపలి అంచు 2.7 లోపలికి. ఖాళీ కారులో అంతా బాగానే ఉంటుంది. వెనక ముగ్గురు కూర్చుని స్పీడ్ బ్రేకర్ దాటేటప్పుడు టైరు ఫెండర్‌ను గీరుతుంది. లోపల తగులుతోందని 10 మిల్లీమీటర్ల స్పేసర్ వేస్తే అంచు ఇంకో 10 బయటికి వెళ్తుంది, బేరింగ్ మీద భారం పెరుగుతుంది. పైగా స్టడ్ పొడవులో 10 మిల్లీమీటర్లు స్పేసరే తినేస్తుంది. 12 మిల్లీమీటర్ల స్టడ్‌కు కనీసం అంత పొడవైనా మరలు పట్టాలి, అంటే 1.5 దూరానికి ఎనిమిది చుట్లు. పొడవు స్టడ్లు వేయకుండా స్పేసర్ పెడితే మూడు, నాలుగు చుట్లే మిగులుతాయి.

చట్టం సంగతి మెసేజ్ ఎత్తనే లేదు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశించిన వివరాలను మార్చడాన్ని కట్టడి చేస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ సెక్షన్ మీదే గట్టిగా చెప్పింది. ఫెండర్ దాటి బయటికి వచ్చిన చక్రాలతో ప్రమాదం జరిగితే బీమా క్లెయిమ్‌లో ప్రశ్నలు తప్పవు.

చివరి ఆరోపణ, షోరూమ్‌ల అమ్మకం యావ. అది ఉంది, కాదనను. కానీ కంపెనీ పేరు మారితే చక్రం మారకూడదని నేనూ అనడం లేదు. మారుతీ బాలెనో రిమ్ టయోటా గ్లాంజాకు హాయిగా వేసుకోవచ్చు, పేరు తప్ప రెండూ ఒకే కారు. హ్యుందాయ్ క్రెటా, కియా సెల్టోస్‌లకు పీసీడీ 114.3, బోర్ 67.1, రెండూ ఒకటే. ఫోక్స్‌వ్యాగన్ పోలోకు, స్కోడా ర్యాపిడ్‌కు పీసీడీ 100, బోర్ 57.1, బోల్టులూ ఒక రకమే. క్రెటాలాగే ఐదు హోల్స్, అదే 114.3 ఉన్న రెనో డస్టర్ రిమ్ మాత్రం బోర్ 66.1 కావడంతో క్రెటా హబ్ మీదికి ఒక్క మిల్లీమీటరు తేడాతో ఎక్కనే ఎక్కదు.