మందు చేసే బాక్టీరియా: మన జిల్లాలు అడగాల్సిన ప్రశ్న వేరు

జన్యుమార్పిడి అనగానే మనకు బీటీ పత్తి, 2010లో కేంద్రం నిలిపివేసిన బీటీ వంకాయ గుర్తుకొస్తాయి. అదే జన్యుమార్పిడితో పుట్టిన ఇన్సులిన్‌ను మాత్రం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎందరో ఏ జంకూ లేకుండా రోజూ వేసుకుంటున్నారు. అందులో తప్పేమీ లేదు. శుద్ధి చేసిన ఇంజెక్షన్‌లో ఉండేది ప్రోటీనే తప్ప బతికున్న బాక్టీరియా కాదు.

1978లో అమెరికా శాస్త్రవేత్తలు ఇన్సులిన్‌లోని రెండు గొలుసులకు, అంటే 21 అమైనో ఆమ్లాలున్న ఒకదానికి, 30 ఉన్న మరోదానికి, కృత్రిమంగా జన్యువులు తయారుచేసి ఇ.కొలై బాక్టీరియాలోకి ఎక్కించి, వచ్చిన ప్రోటీన్లను ఆ తర్వాత జతపరిచారు. 1982లో ఆ మందుకు అమెరికాలో అనుమతి దొరికింది. అప్పటిదాకా పందుల, పశువుల క్లోమమే దిక్కు.

అయితే బాక్టీరియాకు అన్నీ చేతకావు. ఉద్దానంలో డయాలసిస్‌ మీదున్న వారిని చూడండి. దెబ్బతిన్న కిడ్నీలు, ఎర్ర రక్తకణాలు పుట్టించే ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్‌ను తగినంత తయారుచేయలేవు కాబట్టి రక్తం తగ్గిపోతుంది, దానికి ఇంజెక్షన్ ఇస్తారు. ఆ హార్మోన్ సరిగా పనిచేయాలంటే దానికి చక్కెర అణువులు అతుక్కోవాలి. ఆ పని మామూలు ఇ.కొలైకి చేతకాదు. అందుకే దాన్ని ఎలుకను పోలిన చిన్న జంతువు హ్యామ్‌స్టర్ అండాశయ కణాల్లో తయారుచేస్తారు. హెపటైటిస్-బి టీకాకేమో ఈస్ట్‌ను ఆశ్రయించారు. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన టీకా అలాంటిదే. ఏ మందుకు ఏ జీవి అన్నది ప్రోటీన్ స్వభావాన్ని బట్టి తేలే విషయం, మన ఇష్టాయిష్టాలను బట్టి కాదు.

కాబట్టి రోగి భయపడాల్సింది సీసాలోని జన్యువు గురించి కాదు. కరెంటు పోయిన వేసవిలో ఆ సీసా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉందా లేదా అన్నదే అతనికి ముఖ్యం. జిల్లాకు మరో ప్రశ్న ఉంది. శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరం చుట్టుపక్కల మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాలపై ఫిర్యాదులు కొత్త కాదు. రేపు అక్కడికి ఇలాంటి బాక్టీరియాను పెంచే ట్యాంకులు వస్తే, వాడేసిన ద్రవంలోని సూక్ష్మజీవులను వేడితో పూర్తిగా చంపాకే బయటికి వదులుతున్నారా, యాంటీబయాటిక్‌లకు లొంగని గుణాన్ని (నిరోధకతను) మోసే జన్యువులు కాలువల్లో కలవకుండా చూస్తున్నారా అన్నది ఎవరో ఒకరు తనిఖీ చేయాలి. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989లో చేసిన నిబంధనలు, అవసరమైన చోట కలెక్టర్ అధ్యక్షతన జిల్లా స్థాయి బయోటెక్నాలజీ కమిటీ ఉండాలంటున్నాయి. ట్యాంకులు వచ్చాక కాదు, అనుమతులు ఇచ్చేముందే ఆ కమిటీని కూర్చోబెట్టి, తనిఖీ నివేదికలను పంచాయతీ నోటీసు బోర్డుకెక్కించమని అడగాలి.